మేడమీద ఆరేసిన గ్లౌజులు

జోజమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని తిరువూరులో ఆమెను ఎరిగినవాళ్ళంతా అంటారు. అది అన్యాయం. ముక్కు మీదుండే కోపం ఒక్క తుమ్ముతో పోతుంది. జోజమ్మది కడుపులో ఉంటుంది. పెనుగొలను నుంచి కోడలిగా వచ్చింది మొదలు మిరపకాయలు కోసింది, పత్తి తీసింది, నడుం పట్టేశాక ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఆయాగా చేరింది. కూలి ఎగ్గొట్టబోయిన మేస్త్రీని నడిబజారులో చొక్కా పట్టుకుని నిలదీసిన ఆ మనిషి, నర్సింగ్ హోములో మాత్రం ఏళ్ళ తరబడి నోరు మెదపలేదు. అక్కడి డాక్టరు దేవానందం గారు సోమవారం పొద్దున్నే స్టాఫునంతా వరసగా నిలబెట్టి ప్రార్థన చేయించి, "మనమంతా ఒక కుటుంబం" అనేవారు మరి. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి కదా.

ఆ గుట్టు ఏమిటో చూద్దురుగాని. వాడిన గ్లౌజుల్ని అక్కడ పారేసేవాళ్ళు కాదు. సర్ఫు నీళ్ళలో జాడించి, మేడమీద తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసి, పౌడరు చల్లి మళ్ళీ డబ్బాలో సర్దేవాళ్ళు. సూదులు కత్తిరించే మిషను ఎప్పుడో చెడిపోయింది. దాన్ని బాగుచేయించే తీరిక ఎవరికీ దొరకలేదు. వాడిన సూదికి మూత పెట్టి చెత్త కవర్లో పడేసేవాళ్ళు. మూత ఊడితే కవరు మోసేవాళ్ళ ఖర్మ. ఎవరైనా గుచ్చుకుందంటే పెద్ద సిస్టరు సరోజినీదేవి ఆ వేలు పిండి, స్పిరిటు దూది అద్ది, ప్లాస్టరు చుట్టి, తలమీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసేది. "చూసుకుని పని చేసుకోవాలమ్మా" అనేది ఆమెన్ తరవాత. తప్పు గుచ్చుకున్నవాళ్ళది. వైద్యం అంతటితో సరి.

ఆ రోజు డాక్టరుగారి రౌండ్లు అయ్యాక, జోజమ్మ వార్డులో చెత్త కవరు మూతి బిగించి ఎత్తింది. సూది గ్లౌజు దాటుకుని బొటనవేలి కింద కండలో దిగింది. గ్లౌజు లాగి చూస్తే రక్తం. ఏ రోగికి పొడిచిన సూదో చెప్పేవాళ్ళు లేరు. మంచాలన్నీ నిండి ఉన్నాయి.

నర్సు హన్నా పరుగున వచ్చింది. నర్సింగు పాసై ఈమధ్యే చేరిన పిల్ల. "పిన్నీ, నలపొద్దు. పంపు కింద సబ్బుపెట్టి కడుక్కో," అంది గొంతు తగ్గించి. "కడుక్కుని గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళు. ఎయిడ్స్ లాంటి జబ్బు అంటకుండా మందులుంటాయి. ఇవాళే మొదలెట్టాలి."

"మరి ఇన్నాళ్ళూ మనలో ఒక్కరూ వెళ్ళలేదేంటే?"

హన్నా ఆమెను పంపు దగ్గరికి నడిపించింది.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సరోజినీదేవి స్పిరిటు దూదితో సిద్ధంగా ఉంది. జోజమ్మ చెయ్యి ఇవ్వలేదు. పెద్దాసుపత్రికి పోతానంది. ఆ మాట వెంటనే డాక్టరు గదికి చేరింది.

"చిన్న సూదికి ఇంత రాద్ధాంతమా జోజమ్మా?" అన్నారు దేవానందం గారు నవ్వుతూ. "అక్కడ ఎక్కడ పనిచేస్తున్నావని అడుగుతారు. మన పరువేం కావాలి? నాలుగు రోజులు చూద్దాం. జ్వరం వస్తే నేనే మందిస్తాగా."

"మీ అమ్మాయికి గుచ్చుకుంటే నాలుగు రోజులు చూస్తారా సార్?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. జోజమ్మ చెప్పులేసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కింది.

గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు మైథిలి ఎప్పుడు గుచ్చుకుందో, ఎంత లోతు దిగిందో అడిగింది. రక్తం తీయించింది. నెల రోజులు ఒక్కపూట కూడా మానొద్దని చెప్పి మాత్రలిచ్చింది. కామెర్లకి టీకా వేయించింది.

"వెంటనే వచ్చి మంచిపని చేశారమ్మా. ఎంత తొందరగా వేసుకుంటే అంత గట్టిగా పనిచేస్తుంది. మూడు రోజులు దాటితే ఇక ఇవ్వం, ఇచ్చినా లాభం లేదు. సూదే కాదు, రక్తం కంట్లో చిందినా ఇంతే. జ్వరం వచ్చేదాకా ఆగకూడదు."

జోజమ్మ మొదటి మాత్ర అక్కడే మింగింది. గుండె కుదుటపడాల్సింది పోయి భగ్గుమంది. మూడు రోజుల్లో ముగిసిపోయేదానికి ఆయన నాలుగు రోజులు చూద్దామన్నాడు. అంత చదివినవాడికి తెలియదా? తెలుసు. తెలిసే అన్నాడు. గుచ్చుకున్న పాత సూదులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, ప్రతి దాని మీదా ఒక ప్రార్థన. దేవుణ్ణి కూడా ఈ పాపంలో కూలికి పెట్టుకున్నారు కదా అని ఆటోలో పళ్ళు నూరుకుంది.

తిరిగి వచ్చేసరికి హన్నా వరండాలో కాచుకుని ఉంది.

"మందిచ్చారా పిన్నీ?"

"ఇచ్చారు."

"మొన్న గుచ్చుకున్నదానికైనా ఇస్తారా?"

జోజమ్మ ఆ పిల్ల చేతివైపు చూసింది. చూపుడువేలికి ప్లాస్టరు, దాని అంచులు నల్లబడ్డాయి.

"మొన్న సాయంత్రం. సిస్టరు ప్రార్థన చేశారు," అంది హన్నా. "నా సర్టిఫికెట్లు సార్ దగ్గరున్నాయి పిన్నీ. వెళ్తే ఇవ్వరేమోనని."

నాకు చెప్పిన నోరు నీకోసం లేవలేదా అని చెంప పగలగొట్టాలనిపించింది. అంతకన్నా ఎక్కువగా గుండెకి హత్తుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. మొన్న సాయంత్రమంటే రేపు సాయంత్రంతో గడువు సరి. హన్నా మణికట్టు పట్టుకుని గేటువైపు నడిచింది.

దేవానందం గారు గుమ్మంలోకి వచ్చారు. "ఇద్దరూ పోతే వార్డు ఎవరు చూస్తారు? హన్నా, నీ సర్టిఫికెట్ల సంగతి మరిచిపోయావా?"

హన్నా కాళ్ళు ఆగిపోయాయి. జోజమ్మ పట్టు మాత్రం వదల్లేదు.

"సర్టిఫికెట్లు తెచ్చుకోడానికి రేపు నేనే వస్తా సార్. ఇవాళ వార్డు మీరే చూసుకోండి, కుటుంబమేగా. గ్లౌజులు మేడమీద ఆరేసి ఉన్నాయి."