వచ్చే నెల కొనే కార్డు

గన్‌ఫౌండ్రీలో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక దుకాణానికి మా నాన్నంత నమ్మకమైన గిరాకీ ఇంకొకరు ఉండి ఉండరు. ఏడాది పొడుగునా వెళ్ళాడు, ఏమీ కొనలేదు. డ్యూటీ లేని రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరేవాడు. నాంపల్లి స్టేషన్ వెనక మా కిరాయి ఇంటి నుంచి ఆబిడ్స్ దాకా నడక, అక్కడ నిలబడి చెరొక చాయ్, మళ్ళీ నడక. "మళ్ల వచ్చిన్రా సార్," అంటూ దుకాణం ఆయన గాజు అలమారలోంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టె తీసి బల్ల మీద పెట్టేవాడు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"వచ్చే నెల ఇంకా తగ్గుతదా?"

దుకాణం ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "తగ్గుతది సార్. దీనికంటె మంచిది గూడ వస్తది," అనేవాడు.

"అయితె వచ్చే నెల చూద్దాం," అని నాన్న పెట్టెను వెనక్కి జరిపేవాడు. నాకు ఒళ్ళు మండేది. కంప్యూటర్ సామాను ధర తగ్గని నెల అంటూ ఉంటుందా? ఆ లెక్కన ఈయన ఈ జన్మలో కొనడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్నానని ఇంట్లోకి ఒక కంప్యూటర్ వచ్చింది. పేరు నా చదువుది, వాడకం నాన్నది. ఆయన రైల్వేలో డ్రైవర్. మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, బొగ్గు ఇంజిన్ల కాలంలో పారతో బొగ్గు వేసే పనిలో చేరి, మెల్లమెల్లగా మెయిల్ బండ్లు నడిపే దాకా వచ్చాడు. మా ఇంట్లో దేవుడి తర్వాత ఇంజినే. రాత్రి ప్రార్థనలో అమ్మ ముందు ఆయన బండి కోసం అడిగేది, ఆ తర్వాతే నా పరీక్షల కోసం.

అంతటి మనిషి డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని రైలు నడిపే ఆట ఆడేవాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన పరిచి అమ్మే సీడీల్లోంచి నేనే దాన్ని ఏరి తెచ్చాను. పట్టాలు ఏదో చలి దేశానివి, స్టేషన్ల పేర్లు పలకడానికి మాకు నోరు తిరిగేది కాదు. "హోటల్ల వంట చేసేటోడు ఇంటికొచ్చి మళ్ల పొయ్యి ముంగట కూసున్నట్టున్నది," అని అమ్మ నవ్వేది.

బొమ్మ మాత్రం బాగా వచ్చేది కాదు. తెర మీద బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. మాది పాతది, చవకది. బండి కొంచెం వేగం అందుకోగానే చెట్లూ స్తంభాలూ ఆగి ఆగి కదిలేవి. నాన్న ఫిర్యాదు ఇంకొకటి. "అంత మబ్బుమబ్బు ఉన్నది బిడ్డా. సిగ్నల్ చుట్టూ పొగ లెక్క. గీ కార్డుతోని కాదు," అనేవాడు. నాకైతే పొగ కనిపించేది కాదు. రోజూ రైళ్ళు చూసే మనిషి, ఆయనకు తెలిసినంత నాకేం తెలుసు అనుకుని ఊరుకున్నాను. ఆటలో ఓడినప్పుడల్లా కార్డును తిట్టేవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అని అమ్మ వంటింట్లోంచే అందించేది.

మరి కొను అంటే కొనడు. నుమాయిష్ ఎగ్జిబిషన్ కానీ, గాడ తక్కువకు దొరుకుతది అన్నాడు. నుమాయిష్‌కు వెళ్ళి మిర్చి బజ్జీలు తిని వచ్చాం. ఈస్టర్ కానీ అన్నాడు. ఈస్టర్ అయ్యాక, ఎండలకు కొత్త కార్డు కాలిపోతది, వానలు పడనీ అన్నాడు. వానలు పడ్డాయి, స్టేషన్ ముందు నీళ్ళు నిలిచాయి, కార్డు రాలేదు.

అయినా ఆ రోజులంటే నాకు ప్రాణం. ఆయన పక్కన కూర్చున్న మధ్యాహ్నాలవి. రైల్లో ఒక నియమం ఉంది. సిగ్నల్ రాగానే డ్రైవరూ, పక్కనుండే అసిస్టెంటూ ఎవరి కళ్ళతో వాళ్ళు చూసి, రంగు పైకి చెప్పాలి. నాన్న ఆ నియమాన్ని ఇంటికి తెచ్చి నన్ను అసిస్టెంటును చేశాడు. "ఇద్దరి మాట ఒక్కటైతేనే బండి ముందటికి పోవాలె," అని పాఠం చెప్పాడు. నేను "గ్రీన్" అని అరిచేదాన్ని. ఆయన "గ్రీన్" అనేవాడు. నేను "ఎల్లో" అంటే ఆయన "ఎల్లో" అనేవాడు. పక్క పోర్షన్ వాళ్ళు మాకేదో పిచ్చి పట్టిందనుకున్నారు. నా స్నేహితురాళ్ళను వాళ్ళ నాన్నలు సినిమాలకు తీసుకెళ్ళేవాళ్ళు. మా నాన్న నాకు ఇంజిన్‌లో చోటిచ్చాడు. అంతకంటే గొప్ప ఇంకేముంటుందని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలకు ముందు ఆటకు కూర్చున్నాం. పక్క పోర్షన్ ఆంటీ మా కూర గిన్నె తిరిగి ఇవ్వడానికి తలుపు దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. నేను అటు తిరిగి ఆమెతో మాట్లాడుతూనే, సిగ్నల్ వచ్చే వేళయిందని గుర్తొచ్చి, తెర చూడకుండా అలవాటు కొద్దీ "గ్రీన్" అన్నాను. నాన్న "గ్రీన్" అన్నాడు. బండి అదే వేగంతో ముందుకు పోయింది. మరుక్షణం ఆట ఆగిపోయి, ఎర్ర సిగ్నల్ దాటారని తెర మీద పడింది.

నేను నవ్వాను. "నేనంటే చూడలే డాడీ. నువ్వు ఎదురుంగనే ఉన్నవు గద."

ఆయన నవ్వలేదు. మౌస్ మీద పెట్టిన చెయ్యి తీయలేదు. అప్పుడు తట్టింది నాకు, ఇన్ని నెలల్లో ఆయన ఒక్కసారి కూడా రంగు ముందుగా చెప్పలేదని. ప్రతిసారీ నేను అన్నదే తిరిగి అన్నాడు.

గొంతులు ఆగిపోయేసరికి అమ్మ గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. తెర వైపు, ఆయన వైపు చూసింది. "ఎన్నటి సంది?" అని అడిగింది.

"శాన దినాల సంది," అన్నాడు నాన్న. "దూరం దీపం చుట్టూ పొగ లెక్క ఉంటది. కార్డుదే అనుకుంటున్న."

"ఇంజిన్ల గూడ గీ కార్డే ఉన్నదా?"

నాన్న మౌస్ మీంచి చెయ్యి తీశాడు. "గాడ అసిస్టెంట్ చూస్తడు. వాని కండ్లు మంచియి." తలుపు వైపు చూసి, "గని వాడు గూడ మనిషే. ఎవరన్న పిలిస్తె తల తిప్పుతడు," అన్నాడు.

ఆ రోజు అన్నం ఎవరికీ సహించలేదు. చూపు తగ్గిందని తేలితే డ్రైవర్‌ను ఇంజిన్ దింపి ఎక్కడో కుర్చీలో కూర్చోబెడతారు. చెప్పకుండా దాచితే, వెనక పెట్టెల్లో ఆయనను నమ్మి నిద్రపోయే జనం ఉన్నారు. రెండూ మా ముగ్గురికీ తెలుసు. అయినా తప్పు కార్డుదే కావాలని నేను ఆ రాత్రి ప్రార్థన చేశాను.

సోమవారం సాయంత్రం ఆయనకు బండి ఉంది. ఆ పొద్దున "నడువు బిడ్డా, కార్డు కొందాం," అన్నాడు. దారిలో చాయ్ తాగలేదు. దుకాణం ఆయన ఎప్పటిలాగే పెట్టె తీసి, "జర ఆగితె పై నెల తగ్గుతది సార్," అన్నాడు. "వద్దు, ఇయ్యాల్నే కావాలె," అన్నాడు నాన్న. అక్కడ నిలబడే నాకు అర్థమైంది, ఈ ఏడాదంతా ఆయన ఎదురుచూసింది ధర కోసం కాదు. కార్డు పాతదిగా ఉన్నంత కాలం పొగ కార్డుది. కొత్తది వస్తే ఇక తప్పు మోపడానికి ఎవరూ మిగలరు.

ఇంటికొచ్చి నేనే కంప్యూటర్ డబ్బా విప్పి, పాత కార్డు పీకి కొత్తది బిగించాను. ఆట పెట్టాను. పట్టాల మధ్య కంకర రాళ్ళు కూడా విడివిడిగా కనిపించాయి. దూరంగా సిగ్నల్ దీపం, కడిగి పెట్టినట్టు ఎర్రగా వెలుగుతోంది. నాన్న ముందుకు వంగి చూశాడు. వెనక్కి జరిగి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మంచిగున్నదా బిడ్డా?" అని అడిగాడు.

మబ్బుగానే ఉంది అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆ సాయంత్రం ఆయన ఇంజిన్ ఎక్కుతాడు.

"మంచిగున్నది డాడీ," అన్నాను. "శాన మంచిగున్నది."

"ఔ, ఉండాలె గద. కొత్తదాయె," అని ఆయన కుర్చీలోంచి లేచాడు.

వెంటనే యూనిఫాం వేసుకున్నాడు. బూట్లు తుడుచుకున్నాడు. అచ్చం డ్యూటీకి వెళ్ళేటట్టే తయారయ్యాడు. ఏం చేయాలో తోచక అమ్మ అలవాటు ప్రకారం టిఫిన్ డబ్బా కట్టి తెచ్చింది. నాన్న దాన్ని అందుకుని, మళ్ళీ ఆమె చేతుల్లోనే పెట్టాడు.

"బండి ఇంకొకరికి ఇయ్యమని చెప్పి వస్త," అన్నాడు. "ఇయ్యాల ఇంట్లనే తింట."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి, బండి ఉన్న రాత్రి మా నాన్న ఇంట్లో అన్నం తినడం అదే మొదలు.