కొక్కెం కర్ర బాబాయి

గ్రంథాలయంలో పుస్తకాలు కుట్టే బైండరు బాబాయికి లోకంలో ఒక్కటే శత్రువు: భోజనాల గదిలోని మైక్రోవేవ్. దాంట్లోంచి కిరణాలు కారి మనిషిలోని రోగనిరోధక శక్తిని తినేస్తాయని ఆయన నమ్మకం. ఎక్కడ చదివారని కౌంటరమ్మాయి ఓసారి అడిగితే, చుట్టూ ఉన్న పుస్తకాలన్నిటినీ చేత్తో చూపించాడు.

గుమాస్తాకి పన్ను నొప్పి వస్తే కిరణాలు. పిల్లి ఎలకని వదిలేస్తే కిరణాలు. మొదటి గంటకే లైబ్రేరియన్ ఆవలిస్తే అవీ కిరణాలే.

“వేడిగా తినే మేం బాగానే ఉన్నాం. చల్లారింది తినే మీకే కదా బాబాయ్, ఏడాది పొడుగునా జలుబు?” అన్నాడు గుమాస్తా.

“అదే నేను చెప్పేది! నా ఒంట్లో శక్తి ఉంది కాబట్టి జలుబుతో కొట్లాడుతోంది. మీ ఒంట్లో కొట్లాడేందుకు ఎవరూ మిగల్లేదు.”

ఇంత శాస్త్రం విన్నాక ఎవరైనా ఏమంటారు? నోరుమూసుకుని తినేవారు. అదీ సాగనిచ్చేవాడు కాదు. ఎవరైనా డబ్బా వేడి పెట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి, ఎత్తు కిటికీలు తెరిచే కొక్కెం కర్ర చాచి స్విచ్చి ఆర్పేసేవాడు. ఆ ఒడుపు బైండింగులో ఉంటే పుస్తకాల్లో పేజీలు తలకిందులుగా వచ్చేవి కావు.

ఇంతలో కౌంటరమ్మాయికి కిడ్నీ మార్చారు. కొత్తదాన్ని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిచ్చారు. ఏం తిన్నా పొగలు కక్కేంత వేడిగా తినాలన్నారు. జలుబున్నవాళ్ళకి దూరంగా ఉండమన్నారు. మళ్ళీ ఉద్యోగంలో చేరిన రోజున ఆమెకి ఒకటే గుబులు. కొత్త కిడ్నీని ఒళ్ళు ఒప్పుకుంది సరే, మైక్రోవేవ్‌ని బాబాయి ఒప్పుకుంటాడా?

అనుకున్నంతా అయింది. మధ్యాహ్నం గాజు డబ్బా పట్టుకుని వెళ్తే, గుమ్మానికి అడ్డంగా బాబాయి. మూతికి మాస్కు. పొట్టకి దారంతో కట్టుకున్న బైండింగు అట్ట.

“ఆగు! ఇటు రాకు.”

“బాబాయ్, వేడిగా తినకపోతే నాకు ప్రమాదం. డాక్టరు గారు...”

“తెలుసు. ఉన్న శక్తి కాస్తా మందులకి పోతోంది. ఇక ఆ కిరణాలు కూడానా? డబ్బా ఆ బల్లమీద పెట్టి వెనక్కి జరుగు.”

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. పెట్టి జరిగింది. బాబాయి డబ్బా తీసుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి నడిచాడు. కర్ర లేకుండా, తన వేలితోనే స్విచ్చి నొక్కాడు. కిరణాలు గుమ్మం దాకా రాకుండా, శత్రువుకి పొట్ట అడ్డుపెట్టి నిలబడ్డాడు. లోపల తింటున్న గుమాస్తా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“మరి మీ ఇమ్యూనిటీ, బాబాయ్?” అందామె.

“పోతే పోనీ. జలుబుతో కొట్లాడి కొట్లాడి దానికీ విసుగొచ్చింది.”

డబ్బా పొగలు కక్కింది. ఆమె అందుకోబోతే బాబాయి కెవ్వుమన్నాడు.

“దగ్గరికి రావద్దన్నానా! నాకు జలుబు!”

డబ్బాని గుడ్డ సంచిలో పెట్టి, కొక్కెం కర్ర చివర తగిలించి, గుమ్మంలోంచి చాచాడు. సంచి ఊగుతూ వచ్చి ఆమె ముందు ఆగింది. ఆమెకి నవ్వాగలేదు.

“నవ్వింది చాలు, చల్లారకముందే తిను,” అని కసిరి, బాబాయి వెనక తలుపులోంచి వీధిలోకి పరుగెత్తి అక్కడ తుమ్మాడు.