చెప్పులు నిలబడ్డ లైను

రాస్తున్నావా? మీ నాయనమ్మ చెప్పేది రాయి. లైను అంటే మా అమ్మకు కరెంటు తీగ ఒక్కటే. నాకు ఆ మాట లేకుండా రోజు గడవదు. నరసరావుపేటలో మీ మేనత్త ఉండే వీధి మూడో లైను. ఫోను చేస్తే లైను కలవదు. మాచవరం లైనులో బస్సులు తక్కువ. మీ కాలేజీలో ఎవడో ఎవరికో లైనేస్తున్నాడని నువ్వే చెప్పావు. నవ్వకు, అదీ రాయి.

నన్ను కుదురుగా ఉండనివ్వంది మాత్రం యూరియా లైను.

పోయిన ఏడు పత్తికి మంచి వాన పడింది. మర్నాడే ఎండ విరగకాసింది. నేలలో తడి పదును ఆరేలోపు యూరియా చల్లాలి. మీ నాన్న చేలో కలుపు తీయిస్తూ, రెండు కట్టలు, అదే రెండు బస్తాలు, తెమ్మని నన్ను గురజాల పంపాడు.

తెల్లారేసరికే ఎరువుల కొట్టు ముందు పెద్ద లైను. మనుషులు కాదు, చెప్పులు. ఎవరి చెప్పులు ఎక్కడుంటే వాళ్ల చోటు అక్కడ. నేనూ నావి విడిచి, వట్టి కాళ్లతో అరుగెక్కి కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ, నిమిషానికోసారి లేచి వెళ్లి చూసి రావడమే. ఒకడు తన చెప్పులు ముందుకు జరపబోతే నేనే అరిచి వెనక్కి పంపాను.

మీ నాన్న ఫోను మీద ఫోను. "అమా, యాడిదాకా వచ్చింది?"

"చెప్పులు కదల్లేదురా, నన్నేం చెయ్యమంటావు!"

నాలుగోసారి మోగినప్పుడు అరుగు మీద మాట వినపడలేదు. రోడ్డు మీదికి పోదామని దిగాను. సిమెంటు నేల కాలిపోతోంది. మాట్లాడుతూనే లైనులో ఉన్న నా చెప్పుల్లో కాళ్లు దూర్చి రోడ్డెక్కాను. తిరిగొచ్చేసరికి నా చోటు లేదు.

"నా వెనక నువ్వే గదమ్మా, చెప్పు!" అన్నాను, నా వెనక చెప్పులు పెట్టిన మాచవరం ఆమెతో.

"నీ చెప్పులేయి పిన్నీ?"

కిందికి చూసుకున్నాను. కాళ్లకే ఉన్నాయి. లైనంతా ఒకటే నవ్వు.

"మనిషిని నేనే ఎదురుగా ఉంటే చెప్పులడుగుతావేంది?"

వెనక నుంచి పొద్దుటి అతనే అందుకున్నాడు. "పొద్దున నాకు చెప్పిన రూలు నీకు లేదా అత్తా? ఎనక్కి పో."

లైను చివరికి పోయాను. నా ముందు అయిదుగురు ఉండగా షట్టరు దించారు.

"అయిపోయినయ్. లోడొచ్చినాక రాండి."

రెండు రోజులకు వచ్చింది. ఈసారి చెప్పులు కాళ్లకే ఉంచుకుని ఎండలో నేనే నిలబడ్డాను. మనిషికి ఒక్క కట్టే అన్నారు. అప్పటికే చేలో మెరక వైపు పదును ఆరి నేల నెర్రెలిచ్చింది. మీ నాన్న పల్లం వైపు మాత్రం చల్లాడు.

మెరకలో మొక్క మోకాలు దాటలేదు. పత్తి తీసే రోజున కూలోళ్లు, "ఈడ ఏం తీయాల అవ్వా?" అన్నారు. మీ నాన్న పక్కనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదే.