యర్రయ్య మావయ్య అడిగే అక్షరాలు

ఇంగ్లీషు అక్షరాలు మూడు కనబడితే చాలు, ఆ మూడూ ఉన్న మాట ఎవరి నోట్లోంచైనా లాగేదాకా యర్రయ్యకు అన్నం సయించేది కాదు. అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో ఆయనకు మేకులూ, రేకులూ, తాళ్ళూ అమ్మే కొట్టుంది. అక్కడ మేకులు దొరికేవి, కాని ముందు మాట చెప్పాలి.

"బీ, డీ, ఎమ్. ఈ మూడూ ఉన్న మాట సెప్పు, తూకం ఏస్తాను."

"జల్దీ ఇచ్చెయ్ భయ్యా. కప్పు మీద మనిషిని నిలబెట్టొచ్చాను."

"నిలబడనీ. సోచో, బాగా ఆలోచించు."

పక్కింటి సుమకు ఈ గోల చిన్నప్పటినుంచీ అలవాటే. ఒకసారి ఆయనకు జ్వరమొస్తే తనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సు సూది పైకెత్తగానే యర్రయ్య మందుసీసా మీది అక్షరాలు చదివి ఆవిడనే మాట అడిగాడు. ఆవిడ సూది అలాగే పట్టుకుని ఆలోచనలో పడింది. వెనక రోగుల వరస వీధిలోకి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు సుమ సిగ్గుతో తలెత్తలేదు.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆ ఆదివారం పొద్దున భూమి ఊగింది. సముద్రం పొంగుతోందని ఎవరో అరిస్తే జనమంతా పిల్లల్ని చంకనేసుకుని గుట్ట మీదికి పరిగెత్తారు. యర్రయ్య సగం దారిలో ఆగిపోయాడు.

"సుమా, క్యూ, కె, హెచ్ ఉన్న మాట ఎంత ఎతికినా దొరకనేదు కదేటి. ఇప్పుడు దొరికింది. ఎర్త్‌క్వేక్."

ఆయన భార్య రత్నం వీపు మీద ఒకటి చరిచి, "ముందు నడువయ్యా" అంది.

గుట్ట మీదనుంచి సుమ అంతా చూసింది. రేవు నీళ్ళలోకి పోయింది, కట్టేసిన పడవలు రోడ్డెక్కాయి. అయినవాళ్ళందరూ క్షేమమే. కాని ఆ తర్వాత ఆమె నీళ్ళంటే భయపడి రేవు వైపు వెళ్ళడమే మానేసింది. ఆమె అవతలి ఒడ్డున జంగ్లీఘాట్‌లో ఒక చిన్న బడిలో టీచరు. ఫెర్రీ ఎక్కితే ఎంతో దూరం కాదు. రోడ్డు మీద చుట్టి వెళ్తే మాత్రం బడి సగమయ్యాక చేరుతుంది. బళ్ళు తెరిచాక కొన్నాళ్ళు అలాగే వెళ్ళింది. చివరికి హెడ్‌మిస్ట్రెస్ మెత్తగానే చెప్పింది: సోమవారం నుంచి బెల్లు వేళకు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట.

సోమవారం సుమ రేవుకు వచ్చి, ఫెర్రీ ముందు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. వెనకనుంచి యర్రయ్య వచ్చాడు.

"నాకు ఆవల గోదాములో పనుంది పిల్లా. వీ, జీ, టీ. మాట సెప్పు."

"మావయ్యా, ఇప్పుడు నాకు ప్రాణం పోతోంది."

"పోనీలే. మూడూ ఉండాలి. సెప్పకపోతే నీ చదువు దండగ."

ఒళ్ళు మండి ఆమె ఆలోచించింది. ఆలోచిస్తూ ఎక్కేసింది. ఇంజను చప్పుడుకు ఉలిక్కిపడేలోపు ఆయన ఎదురుగా ఉన్న చేపల గవరమ్మను కూడా అడిగాడు. గవరమ్మకు ఇంగ్లీషు రాదు, అయినా తన మాటే ఒప్పని వాదించింది. సుమ "వెజిటబుల్" అనేసరికి ఫెర్రీ లస్కరు అప్పలరాముడు అవతల చాథం రేవులో తాడు విసురుతున్నాడు.

ఆనాటినుంచి రోజూ అదే వరస. తాడు విప్పగానే అక్షరాలు, తాడు కట్టేదాకా పంచాయితీ. కెరటాలు ఎక్కువున్న రోజున అక్షరాలు మరీ మొండివి పడేవి. అలాంటి మాటే లేదని సుమ ఒడ్డున దెబ్బలాడితే, "ఉండేది, మర్చిపోయాను" అనేవాడు. భయపడే మనిషిని ఇలా కాల్చుకు తింటున్నాడేమిటని ఫెర్రీలో జనం విసుక్కునేవారు. సుమ కూడా విసుక్కునేది, కాని బెల్లు వేళకు బడిలో ఉండేది.

ఒక సెలవురోజు రత్నం అత్తతో చేపలు శుభ్రం చేస్తూ సుమ తన గోడు వెళ్ళబోసుకుంది.

"ఆవల గోదాములో మావయ్యకు రోజూ అంత పనేంటి అత్తా?"

రత్నం కత్తిపీట మీదనుంచి తల ఎత్తలేదు. "ఆవల మనకి గోదామెక్కడుందే? నిన్ను దింపి, అదే ఫెర్రీలో ఎనక్కి వచ్చేస్తాడు. ఇంటికొచ్చి నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకుంటాడు. ఆ అల సూసినకాడ్నించి నీకంటే ఆయనకే ఎక్కువ డర్, నీళ్ళంటే బయం."

సుమకు ఫెర్రీలో యర్రయ్య గుర్తొచ్చాడు. ఇనుపకమ్మీని రెండు చేతులతో వాటేసుకుని, కళ్ళు మూసుకుని అక్షరాలు అడిగేవాడు. అది ఆలోచన అనుకుంది. ఆమెకు నవ్వొచ్చింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

మర్నాడు రేవులో ఆయన్ని ఆపేసింది. "నాకు భయం పోయింది మావయ్యా. ఇవాళ్టినుంచి నువ్వు రావద్దు."

"పక్కానా?"

"పక్కా."

వెంటనే ఆయన రేవు గట్టు మీద కూలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఒక్కసారైనా బతిమాలతాడేమోనని చూసిన సుమ కొంచెం చిన్నబుచ్చుకుంది.

ఫెర్రీ కదిలింది. ఒడ్డుకూ ఫెర్రీకీ మధ్య నీళ్ళు పెరిగాయి. సుమకు మళ్ళీ భయమేసి, ఇనుపకమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు గట్టు మీద యర్రయ్య లేచి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేకేశాడు.

"క్యూ, జె, జెడ్, ఎక్స్. నాలుగూ ఉండాలి."

అలాంటి మాట ఏ దేశంలోనూ ఉండదని ఆమెకు తెలుసు. ఆ సంగతి పక్కన వేళ్ళు మడుస్తూ మాట వెతుకుతున్న గవరమ్మకు మాత్రం చెప్పలేదు.