డ్రాయింగులో లేని ఒంపు

మా మావయ్యగారిని విమానాల ఫ్యాక్టరీ చెక్కపని షాపులో అందరూ కన్నుగీటు తాత అంటారు. ఏ చెక్క చేతికొచ్చినా ఎడమకన్ను మూసి అంచు వెంట చూస్తారు మరి. కొత్తగా చేరిన ఒకావిడ అపార్థం చేసుకుని ఫిర్యాదు కూడా పెట్టింది. అది విని మా అత్తగారు పడీపడీ నవ్వారు. "ముప్పై ఏళ్ల కాపురంలో నాకైతే ఒక్కసారీ కన్ను కొట్టలేదు!"

విమానం కట్టకముందే దాని చెక్క నమూనాని పెద్ద ఫ్యాను ముందు నిలబెట్టి గాలి కొట్టిస్తాం. నమూనా చెక్కేది మావయ్యగారు. గాలికి అదేం చేస్తుందో రాసుకునేది నేను. ఇంట్లో కంచాల దగ్గరా అదే గొడవ.

ఆ ఏడు కొత్త యుద్ధవిమానం డ్రాయింగు వచ్చింది. అబ్బ, ఏం అందం! "చూడ్డానికే ఇంత బాగుంటే ఎగరడానికి బాగోదా?" అని పెద్ద ఇంజనీరు మురిసిపోయారు. మావయ్యగారు ఎడమకన్ను మూశారు.

"ముక్కు మహరాజులా ఉంది బాబూ. రెక్క వెనకభాగం ఒంటికి అతుక్కున్న మూల మాత్రం గాలికి నచ్చదు."

"గాలి మీ చెవిలో చెప్పిందా తాతా?"

పెద్ద ఇంజనీరు మాటకి అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

నమూనా తయారయ్యాక, డ్రాయింగు ప్రకారం కోసిన రేకులు ఆనించి ఎక్కడైనా సందుందేమో చూడటం నా పని. ముక్కు చూశాను, రెక్కలు చూశాను, తోక చూశాను. ఆ మూల దగ్గరికొచ్చేసరికి, మావయ్యగారి చేతిపనికి కొలతేమిటని సంతకం పెట్టేశాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

నమూనా నిండా గాలి దారి చూపే ఊలుదారం ముక్కలు అంటించి ఫ్యాను వేశాం. ముక్కు ఎంత పైకెత్తినా దారాలన్నీ నూనె రాసి దువ్విన జుట్టులా పడుకునే ఉన్నాయి. కంటికి కనపడని గాలి అలా ఒళ్లంతా నిమిరి వెళ్తుంటే కళ్లప్పగించి చూశాను. అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్యగారొక్కరే కొట్టలేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ ముట్టకుండా కూర్చున్నారు.

"అమ్మాయ్, ఆ మూల నేను డ్రాయింగు ప్రకారం చెక్కలేదు. చెయ్యి ఊరుకోలేదు, ఒంపు తిప్పేసింది. అసలు విమానం డ్రాయింగు ప్రకారమే కడతారు. అందులో ఒకడు కూర్చుంటాడు."

"రిటైరవడానికి నెల ఉందనగా ఏం పని మావయ్యా ఇది!" అని అరిచేశాను.

"నీ సంతకం సంగతి నేను చెప్పుకుంటాలే."

"అక్కర్లేదు. నా తప్పు నేనే చెప్పుకుంటాను."

ఇద్దరం వెళ్లి చెప్పాం. ఇద్దరికీ మెమోలు ఇచ్చారు, న్యాయమే. "మళ్లీ చెక్కండి. ఈసారి వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నారు పెద్ద ఇంజనీరు. తనకు నచ్చని ఆ మూలని మావయ్యగారు పన్నెండు రోజులు పళ్లు బిగబట్టి చెక్కారు. నేను అంగుళం అంగుళం కొలిచాను.

ఫ్యాను వేశాం. ముక్కు కొంచెం ఎత్తాం, ఇంకొంచెం ఎత్తాం. ఆ మూలలో దారాలు ఒక్కసారి లేచి, వెనక్కి తిరిగి, పిచ్చెత్తినట్టు కొట్టుకున్నాయి. నమూనా ఒక పక్కకి ఒరిగిపోయింది. ముప్పై మంది లెక్కలు కట్టినా దొరకనిది ఈయన ఒంటికంటికి దొరికింది! నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

పెద్ద ఇంజనీరు మొదటి నమూనా తెప్పించారు. "తాతా, ఈ ఒంపు కొలత ఎంత?"

"నాకేం తెలుసు బాబూ? చెయ్యి ఒప్పుకునేదాకా గీకాను."

రెండురోజులు కూర్చుని నేనే కొలిచాను. ఆ అంకెలు డ్రాయింగులోకి ఎక్కాయి.

నాలుగేళ్లకి అసలు విమానం మొదటిసారి ఎగిరింది. కంచె దగ్గర మావయ్యగారు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. అది ముక్కెత్తి ఆకాశంలోకి నిటారుగా లేస్తుంటే పిడుగులాంటి మోత నా గుండెల్లో అదిరింది. జనం కేరింతలు కొట్టారు. ఆయన వేళ్లు మాత్రం నా మణికట్టుని వదల్లేదు.

విమానం దిగింది. అందరూ దాని అందం చూస్తుంటే, ఆయన విమానానికి ఆనించిన నిచ్చెన వైపు చూస్తున్నారు, రెండు కళ్లూ తెరిచి. లోపలినుంచి ఓ కుర్రపైలట్ హెల్మెట్ తీసుకుంటూ మెట్లు దిగాడు.

"కూర్చున్నవాడు దిగాడమ్మాయ్" అన్నారు మావయ్యగారు. అప్పుడు వదిలారు నా చెయ్యి.