నాలుగో గది చేరని దోన్ ఎవరార్డో

దోన్ ఎవరార్డోకి మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు. మా ఎస్కార్చా ఊరి మ్యూజియంలో ఉన్నవి నాలుగు గదులు. ఇరవై ఆరేళ్లుగా ఆయన వెంట తిరిగిన యాత్రికుల్లో నాలుగో గది చూసినవాడు ఒక్కడూ లేడు. నేను వార్తలు రాసే మా ఊరి పత్రికనూ అలాగే చదువుతాడు. పైన తేదీతో మొదలుపెట్టి రెండో పేజీ తిప్పేసరికి మర్నాటి పేపరు వచ్చేస్తుంది.

కొండల్లోంచి పొగబండి వారానికి రెండుసార్లు వస్తుంది. ఇంజనుకు నీళ్లు పట్టడానికి నలభై నిమిషాలు ఆగుతుంది. పటగోనియా గాలికి టోపీలు పట్టుకుని యాత్రికులు దిగుతారు. మా ఊళ్లో చూడటానికి మూతబడిన ఉన్ని గోదాము, మూతబడిన సినిమాహాలు, ఇంకా మూతబడని మ్యూజియం ఉన్నాయి. అందరూ మ్యూజియానికే వస్తారు. అక్కడ పొయ్యి వెలుగుతుంటుంది.

"మొదట ఇక్కడ సముద్రం ఉండేది" అంటాడు దోన్ ఎవరార్డో.

ఆ సముద్రం ఇంకడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. తర్వాత గవ్వలు, రాక్షసబల్లి తొడ ఎముక, అది దొరికిన గొర్రెల కాపరి, అతని మేనత్త, ఆవిడ పెళ్లి. పెళ్లి భోజనాలు అవుతుండగా రెండో గది వస్తుంది. మూడో గదిలో రైలు పట్టాలు వేయడం మొదలై పదకొండో కిలోమీటరు చేరగానే బయట కూత వినిపిస్తుంది. జనం పరుగు.

ఎవరో జర్మన్ దంపతులు మూడేళ్లు వరసగా వచ్చారు. మూడోసారి ఆ పెద్దమనిషి తిన్నగా నాలుగో గది తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"అయ్యా, నాకు సముద్రం వచ్చు" అన్నాడు.

"మీకొచ్చు. మీ ఆవిడ మర్చిపోయి ఉండొచ్చు కదా" అని దోన్ ఎవరార్డో మళ్లీ సముద్రం నింపాడు.

ఆయనకు తోడు ఫెర్మిన్. ఒకప్పుడు రైల్వేలో పట్టాలు మార్చే మీట దగ్గర పనిచేసేవాడు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు, భార్య పోయాక ఒంటరి మనిషి. రోజూ వచ్చి రెండో గదిలో పొయ్యి పక్కన కూర్చుని మాతే అనే ఆకు టీ కాస్తాడు. యాత్రికులు కదిలితే తనూ వెనకే కదిలి, నూరుసార్లు విన్న కథలో ప్రశ్నలడుగుతాడు.

"మరి ఆ పెళ్లికి వంట ఎవరు చేశారు?"

"మంచి ప్రశ్న" అంటాడు దోన్ ఎవరార్డో. ఇంకో అయిదు నిమిషాలు హరీ.

మాతే విషయంలో ఫెర్మిన్‌కు ఉన్న నిష్ఠ పూజారికి కూడా ఉండదు. సొరకాయ బుర్రలో ఆకు పోసి, పీల్చే గొట్టం గుచ్చాక దాన్ని కదపకూడదు. కదిపితే పొడి అడ్డుపడుతుంది. మా వైపు ఆరేళ్ల పిల్ల కూడా ఆ పని చెయ్యదు. ఓసారి ఒక యాత్రికుడు చెంచాలా తిప్పితే ఫెర్మిన్ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మొన్న శీతాకాలంలో రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. శనివారం తనిఖీ. రైలు ఆగినంతలో మ్యూజియం మొత్తం చూపించలేకపోతే మూసేసి, సామాను రాజధానికి తరలిస్తారట. నేను పరుగెత్తుకెళ్లాను.

"దోన్ ఎవరార్డో, ఒక్కరోజు తగ్గించి చెప్పండి."

ఆయన నాలుగో గది తాళం తీశాడు. లోపల మంచుకన్నా చల్లగా ఉంది. ఒక ఇనప మీట, పగిలిన లాంతరు, అద్దం వెనక మా పత్రిక మొదటి పేజీ. 'మీట దగ్గర నిద్ర: ఇద్దరు బలి.'

ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది ఆ రైలు ప్రమాదానికి. పేజీలో రాసినవాడి పేరు లేదు. కానీ వాక్యం నాది. ఫోన్లో ఎవరో అన్నారు, అచ్చుకు ఎనిమిది నిమిషాలుంది, రాసేశాను. మీట మంచుకు బిగుసుకుపోయిందనీ, ఫెర్మిన్ దాన్ని సమ్మెటతో కొడుతూనే ఉన్నాడనీ తర్వాత విచారణలో తేలింది. అప్పటికి మాకు వేరే వార్తలొచ్చాయి.

"ఆ రోజు పేపరు వాడి కంట పడకుండా వాళ్లావిడ పొయ్యిలో పెట్టేసింది" అన్నాడు దోన్ ఎవరార్డో. "ఇప్పుడు వాడు నా వెనకాలే తిరుగుతాడు. నేనిక్కడికొస్తే వాడూ వస్తాడు."

"తీసెయ్యకపోయారా?"

"రైల్వేవాళ్లు జాబితా రాసి అప్పగించిన సామాను. మ్యూజియంలో ఉన్నది తీసెయ్యకూడదు, లేనిది చెప్పకూడదు. ఆలస్యం చెయ్యకూడదని మాత్రం ఎక్కడా రాసిలేదు."

"పోనీ శనివారం రావద్దని ఫెర్మిన్‌కు ఏదో ఒకటి చెప్పండి."

"లేనిది చెప్పకూడదన్నానా?"

శనివారం తనిఖీకి సెన్యోరా ఒలివారెస్ అనే ఆవిడ గడియారం చేత్తో పట్టుకుని దిగింది. ఆకాశం బూడిద రంగులో ఉంది. దోన్ ఎవరార్డో మొహం కూడా.

"మొదట ఇక్కడ సముద్రం ఉండేది. ఎండిపోయింది."

మేనత్త పెళ్లి కాకుండానే వెళ్లిపోయింది. పదిహేను నిమిషాల్లో పట్టాలు కొండ దాటేశాయి. మ్యూజియం పోతే ఫెర్మిన్‌కు పొయ్యి ఉండదు. గది తెరిస్తే ఫెర్మినే మిగలడు. దోన్ ఎవరార్డో తాళంచెవి తీశాడు. అది తాళంలో పెట్టకుండా చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు.

"ఏంటమ్మా, నా చేతి మాతే తాగకుండానే పోతావా?" అన్నాడు ఫెర్మిన్ వెనకనుంచి.

పెద్దవాడు మాతే ఇస్తానంటే కాదనే మనిషి మా దేశంలో పుట్టలేదు. ఆవిడ గడియారం చూసుకుంది. "ఒక్కటే, తాతా" అని పొయ్యి దగ్గర కూర్చుంది.

ఫెర్మిన్ బుర్ర నింపాడు. అప్పుడు, నా కళ్లముందే, గొట్టం పట్టుకుని చారు కలిపినట్టు గిరగిరా తిప్పి ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ పీల్చింది. బుగ్గలు లోపలికి పోయాయి గానీ చుక్క రాలేదు.

"అడ్డుపడిందా? ముసలి చేతులమ్మా. కొత్తది పెడతా" అని ఆకు పారబోసి, బుర్ర కడిగి, నీళ్లు మళ్లీ కాగేదాకా కెటిల్ వంకే చూస్తూ కూర్చున్నాడు. రెండోది కూడా అడ్డుపడింది. మూడోది చేతికందుతుండగా కూత వేసింది. మళ్లీ రైలు బుధవారమే. ఆవిడ పరుగు తీసింది.

నివేదికలో మ్యూజియం మొత్తం ఒక మజిలీలోనే చూడవచ్చని రాసింది. చూడలేకపోయానంటే ఎందుకని అడుగుతారు, మాతే తాగుతూ కూర్చున్నానని రాయాలి. మ్యూజియం నిలబడింది.

దోన్ ఎవరార్డో స్టేషనుకు సాగనంపడానికి వెళ్లినప్పుడు ఫెర్మిన్ పక్కన కూర్చున్నాను.

"గొట్టం కదిపావేంటి?"

"ఆ గది నేను ఇరవై ఏళ్ల కిందటే చూశాను, పేపరబ్బాయ్." నాకు యాభై ఆరేళ్లు, ఆయనకు ఇంకా పేపరబ్బాయినే. "ఎవరార్డో తలుపు తీసుంచి భోజనానికెళ్లాడు. ఆ రోజు నుంచీ ప్రశ్నలడుగుతూ కూర్చున్నా. పాపం, ఒక్కడే ఎంతసేపని సాగదీస్తాడు? నాకు తెలుసని వాడికి తెలిస్తే, ఇన్నేళ్ల కష్టం దండగయిందని మంచమెక్కుతాడు."

నేను పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.

"రాసిందెవరో కూడా తెలుసులే" అన్నాడు.

"తప్పయింది. మీటకు మంచు పట్టిందని ఇప్పుడు వేస్తాను. మొదటి పేజీలో."

ఫెర్మిన్ కొత్త మాతే నింపి, గొట్టం కదలకుండా జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

"చివరి పేజీలో వెయ్యి. వాడు అంత దూరం రాడు."