పడవెక్కని మందు

మందుల షాపులో స్పిరిట్ వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎనభైలలో మేం బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉండేవాళ్లం. పక్కింటి ఇరానీ అవ్వ మనవడు ఇరాన్‌లో ఉబ్బసంతో అల్లాడుతున్నాడు. అక్కడ దొరకని మందు కోసం అమ్మ నన్ను వెంటబెట్టుకుని షాపుకెళ్లింది.

"ఇరాన్ పడవలో వెళ్లాలి, గట్టిగా కట్టు భాయ్," అంది.

షాపతను సీసా వెనక్కి లాక్కున్నాడు. "అమెరికా మందు బహెన్. అక్కడికి పంపితే నా కొట్టు మూయిస్తారు. ఆంక్షలున్నాయి, ఖలాస్!"

ఆంక్షలంటే శిక్షలాంటిదని దారిలో అమ్మ చెప్పింది. ఆ పిల్లాడు ఏదో దొంగతనం చేశాడనుకున్నాను.

"ఏం చేశాడమ్మా?"

"అక్కడ పుట్టాడు."

ఆ చలికాలంలోనే పిల్లాడు పోయాడు. ఆంక్షల్లో మందులకు మినహాయింపు ఉండేదని పెద్దయ్యాక చదివాను. షాపతన్ని నేను క్షమించలేదు. అతన్ని అంత భయపెట్టినవాళ్లను అసలే క్షమించను.